చావు కబురు కింద బాణాలు

ఉదయం ఆరూ పదికి అన్న ఫోన్ మోగింది. ఎవరో పిలిచినప్పటి మోత కాదు, కబురేదో వచ్చినప్పుడు చేసే చిన్న చప్పుడు. వదిన పొయ్యి దగ్గర చాయ వడబోస్తోంది. నేను ముందురోజు సాయంత్రం కామారెడ్డిలో బడి వదిలాక బస్సెక్కి, లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి వచ్చి, వాళ్లింట్లోనే ఉన్నాను. అన్న పోయినప్పటి నుంచి ఆదివారాలు అక్కడ గడపడం అలవాటైంది. ఆయన ఫోన్‌ను వదిన ఆపేయలేదు. దుకాణానికి అందరూ పిలిచే నంబరు అదే, అందుకని ఉంచానని చెప్పేది. అది నిజమే. అదొక్కటే కారణం కాదని మా ఇద్దరికీ తెలుసు.

“జూడు టీచరమ్మ, ఏమొచ్చిందో” అని ఫోన్ నా చేతికిచ్చింది. నేను బడిలో సాంఘికశాస్త్రం చెప్తాను. ఉద్యోగం వచ్చిన రోజు నుంచి వదిన నన్ను పేరు పెట్టి పిలవడం మానేసింది.

అది అన్న సభ్యుడిగా ఉన్న ఫోరం నుంచి వచ్చిన కబురు. రెండే వాక్యాలు. మీ పేరు పక్కనున్న నమ్మకం గుర్తు తీసివేశాం, మీ పాత సమాధానాలు మడిచి ఉంచాం అని. ఎవరో కూర్చుని రాసింది కాదు, యంత్రం తనంతట తాను పంపింది. చదివి వినిపించాను.

“అంటే ఏంది?”

“అండ్ల ఉన్నోళ్లకు అన్న మాట మీద నమ్మకం తగ్గిందట.”

“సచ్చినంక నమ్మకం తగ్గుడేంది?” అంది వదిన. చాయ గ్లాసు నా ముందు పెట్టి, ఇంకేమీ అడగకుండా దుకాణం తాళాల కోసం లోపలికి పోయింది.

అన్న చాలా ఏళ్లు గల్ఫ్‌లో పైపుల పని చేశాడు. తిరిగొచ్చాక ఎల్లారెడ్డి బస్టాండుకు దగ్గర్లో సిమెంటు, పైపుల దుకాణం పెట్టుకున్నాడు. ఆ ఫోరం సంగతి ఆయనకు ఒక మేస్త్రీ చెప్పాడు. మా వైపు నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లు, పోవాలనుకునేవాళ్లు, ఇంటి దగ్గర ఉండి ఎదురుచూసేవాళ్లు అందులో ప్రశ్నలు రాస్తారు. తెలిసినవాళ్లు జవాబులు రాస్తారు. కొందరు తెలుగు అక్షరాల్లో, కొందరు ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు, జుక్కల్ వైపువాళ్లయితే మధ్యలో మరాఠీ మాటలు కూడా. వీసా కాగితం మీద రాసిన పనే అక్కడ చేయిస్తారా, కంపెనీ సెలవు ఇవ్వకపోతే ఎవరికి చెప్పాలి, కంపెనీ పనివాళ్లుండే క్యాంపు డాక్టరు చీటీ ఇంటికి పోవడానికి సరిపోతుందా, ఇలాంటి ప్రశ్నలు.

ప్రతి జవాబు పక్కన రెండు బాణం గుర్తులు ఉంటాయి. పైకి చూసేది ఒకటి, కిందికి చూసేది ఒకటి. పైది నొక్కితే రాసినవాడి పేరు పక్కన అంకె పెరుగుతుంది. కిందిది నొక్కితే తగ్గుతుంది. అంకె ఒక హద్దు దాటితే పేరు పక్కన ఆకుపచ్చ గుర్తు పడుతుంది, ఆ మనిషి రాసినవి అందరికంటే పైన కనిపిస్తాయి. మరీ పడిపోతే ఆ మనిషి రాసినవన్నీ మడత పడిపోతాయి. ఏ బాణం ఎందుకు నొక్కాలో ఎక్కడా రాసి లేదు. పెట్టినవాళ్లకు అది చెప్పక్కర్లేని సంగతి అనిపించి ఉంటుంది.

అన్నకు ఆకుపచ్చ గుర్తు వచ్చిన రోజు వదిన నాకు ఫోన్ చేసి చెప్పింది. “మీ అన్నకు గల్ఫ్‌ల ఇయ్యని ప్రమోషను గీడ ఇచ్చిండ్రు. జీతమే లేదు.” పక్కనుంచి అన్న, “దానికేంది తియ్, నేను దాని కోసం రాస్తున్ననా” అన్నాడు. కానీ అంకె ఎంతైందో అడగకుండానే చెప్పాడు.

ఆయన జవాబులు పొట్టివి, సూటివి. అప్పుడప్పుడు రాసింది నాకు ఫోన్‌లో చదివి వినిపించేవాడు. ఇంట్లో పుస్తకాలు చదివేది నేనొక్కదాన్నే కాబట్టి నా అభిప్రాయం కావాలి. “చెల్లె, గిది కఠినంగ ఉన్నదా?” కఠినంగానే ఉండేది. కొంచెం మెత్తగా రాయొచ్చు కదా అనేదాన్ని. “మెత్తగ రాస్తే వాడు పోతడు” అనేవాడు. పోవద్దని చెప్పాల్సిన చోట పోవద్దనే రాసేవాడు. అలా రాసినప్పుడు అడిగినవాడే చాలాసార్లు కింది బాణం నొక్కేవాడు. నాకు కోపం వచ్చేది. అన్నకు వచ్చేది కాదు. “వాడు నొక్కింది నా మీద గాదు, ఆ వీసా కాగితం మీద” అన్నాడొకసారి. అది మనిషికి అర్థమయ్యే సంగతి. లెక్క వేసే యంత్రానికి కాదు. అంకె మాత్రం అన్నకే తగ్గేది.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం దుకాణంలో కూర్చున్నచోటే అన్నకు గుండె ఆగిపోయింది. దాని గురించి ఇంతకంటే రాయను.

దినాలు అయిపోయిన మరునాడు వదిన అంది, “అండ్ల ఆయన కోసం సూసేటోళ్లు ఉంటరు. చెప్పకుంటే, జవాబు ఇస్తలేడేందని మనసుల పెట్టుకుంటరు. రాయి.” ఫోన్ తెరిచే ఉంది. ఆయన పేరుతోనే, ఆయన ఖాతా నుంచే రాశాను. ఆయన పైపుల పని చేసినవాడని, ఫలానా రోజు ఎల్లారెడ్డిలో చనిపోయాడని, ఇక జవాబులు రావని, ఇది రాస్తున్నది చెల్లెలినని. నాలుగు వాక్యాలు. ఐదోది ఒకటి రాసి చెరిపేశాను. అది నా కోసం రాసుకున్నదిలా అనిపించింది.

సాయంత్రానికి కింద మాటలు రావడం మొదలైంది. అన్న మాట విని ఆగిపోయిన ఒకాయన, అన్న చెప్పిన ఆఫీసుకు పోయి పాస్‌పోర్టు తెచ్చుకున్న ఇంకొకాయన. మంచి మాటలు. అదే సమయంలో పేరు పక్కన అంకె తగ్గుతూ వచ్చింది. నేను తెరిచిన ప్రతిసారీ ఇంకొంచెం తక్కువ. కామారెడ్డిలో బడికి పోయే ముందు చూసేదాన్ని, వచ్చాక చూసేదాన్ని. నా ఫోన్‌లోనూ ఆ ఫోరం పెట్టుకున్నాను, చూడటానికే.

దీనికి నాకు తోచిన అర్థం ఒక్కటే. అన్న ఎందరో ఏజెంట్ల గురించి, దొంగ వీసాల గురించి రాశాడు. ఆయన పోయాడని తెలిసి వాళ్లు సంతోషపడుతున్నారు. చావు కబురు మీద కింది బాణం నొక్కుతున్నారు. మంచి మాటలు రాసినవాళ్లలో కూడా ఎవరు ఏది నొక్కారో కనిపించదు. ఎవరి చేతి గుర్తూ దాని మీద ఉండదు. జుక్కల్ వైపు నుంచి ఒకాయన “కిందికే నొక్కిన అన్నా” అని రాశాడు. ఆ మూడు మాటలు నేను చాలాసార్లు చదివాను. చచ్చినవాడిని వెక్కిరించడానికి కూడా మనుషులు కూర్చుని అక్షరాలు కొడతారా అనుకున్నాను. వదినకు అది చూపించలేదు. ఆ రోజుల్లో పుస్తకం ఏది తెరిచినా రెండు పేజీలు దాటలేదు.

కాబట్టి ఆ ఆదివారం ఉదయం వచ్చిన కబురు నాకు కొత్త కాదు. జరుగుతున్నదానికి చివరి మెట్టు, అంతే. నేను వదినతో కలిసి దుకాణానికి పోయాను. ఆదివారం పూట మేస్త్రీలు వస్తారు, మధ్యాహ్నం దాకా తెరుస్తుంది.

ఎండెక్కాక ఒక అమ్మాయి వచ్చింది. పాతికేళ్లు ఉంటాయి. పోచారం వైపు ఊరని చెప్పింది. బస్సు దిగి నేరుగా వచ్చింది.

“అన్న లేడా అక్కా?”

“లేడు. ఏం గావాలె?”

“పైపులు గాదక్కా. గీ దుకాణమాయన గల్ఫ్ కాగితాలు మంచిగ చెప్తడని ఊర్ల అన్నరు. గందుకని వచ్చిన.”

వదిన నా వైపు చూసింది. లేడు అన్న మాటకు ఆ అమ్మాయి ఇప్పుడు ఊళ్లో లేడని అర్థం చేసుకుందని ఇద్దరికీ తెలిసింది. వదిన దిద్దలేదు. స్టూలు చూపించి కూర్చోమంది.

ఆమె భర్త గల్ఫ్‌లో ఒక కంపెనీలో పని చేస్తున్నాడు. ఒప్పందం గడువు అయిపోయింది. కంపెనీ పాస్‌పోర్టు దగ్గర పెట్టుకుని ఇంటికి పంపడం లేదు. అతని గదిలో ఉండే ఇంకొకతను వచ్చే శుక్రవారం క్యాంపు విడిచి వెళ్లిపోతున్నాడు, వేరే ఊళ్లో రంగుల పని దొరికిందట, ఇతన్నీ రమ్మంటున్నాడు. పోవాలా, ఉండాలా. ఫోరంలో చూసి చెప్పమని భార్యను అడిగాడు. ఆమె ఇంటర్ దాకా చదువుకుంది. రెండు రోజులు కూర్చుని చదివిందట.

“ఏమున్నది అండ్ల?” అన్నాను.

“పైన ఉన్నాయన బయటపడమన్నడు మేడం. బయట పని దొరుకుతది, ఎవరు ఏం జెయ్యరు అని. పై బాణాలు మస్తున్నయి. దాని కింద ఒకటి ఇయ్యాల పొద్దుగాల మడిచి పెట్టిండ్రు. ఈ సభ్యుని మాట చాలామంది ఒప్పుకోలేదు, చూడాలంటే నొక్కుండ్రి అని ఉంటది. నొక్కి జూసిన.”

“చదువు.”

ఆమె ఫోన్ తీసి, బడిలో పాఠం చదివినట్టు ఒకే గొంతుతో చదివింది.

“క్యాంపు ఇడిచి పోకు. పోయిన తెల్లారే పారిపోయిండని కంపెనీ రాయించి పెడతది. అప్పటిదాంక తప్పు కంపెనీది. ఆ తర్వాత తప్పు నీది. రోజు హాజరు వెయ్యి. లేబర్ ఆఫీసుల ఫిర్యాదు రాయించు, నంబరు తీసుకో. మన ఎంబసీల గూడ రాయించు. టైము పడతది. కష్టమైతది. అయినా ఆడనే ఉండు. నేను రెండు దిక్కుల ఉండి జూసిన.”

వదిన ఎవరికో కోసి పెట్టాల్సిన పైపు చేతిలో పట్టుకుని ఉంది. దాన్ని గోడకు ఆనించింది. ఆ మాటలు ఎవరివో ఆమెకు మొదటి వాక్యంలోనే తెలిసింది. నాకూ తెలిసింది.

“గాయన పేరు పక్కన అంకె జూడుండ్రి మేడం, సున్న కన్న కిందికి పోయింది” అంది ఆ అమ్మాయి. “ఉండు, కష్టపడు అని చెప్పెటోని మాట ఎవరింటరు? అబద్ధమైతేనే గదా అందరు గట్ల కొడ్తరు. మా ఆయనకు పొమ్మనే చెప్దామనుకున్న. కాని పానం ఒప్పుతలేదు. ఒక్కసారి తెలిసినాయనను అడిగి చెప్దామని వచ్చిన.”

“రాసింది మా ఆయనే” అంది వదిన. “కార్తీకంల పోయిండు.”

అమ్మాయి ఫోన్‌ను బల్ల మీద బోర్లా పెట్టింది. వదినే కుండలో నీళ్లు ముంచి ఇచ్చింది. ఆమె తాగలేదు.

“అక్కా, అండ్ల ఒక చావు కబురు ఉండె. పైపుల పని చేసిన అన్న పోయిండని. వాళ్ల చెల్లె రాసింది.”

“నేనే రాసిన” అన్నాను.

“గది ఈ అన్నదేనా? నాకు తెల్వలే మేడం. పేర్లు నేను జూస్తనా. దాని మీద నేను గూడ నొక్కిన.”

“ఏది నొక్కినవు?”

“కిందిదే.”

ఆ మాట చెప్పేటప్పుడు ఆమె మొహంలో తప్పు చేసిన ఛాయ లేదు. ఎందుకని అడిగాను. ఆ ప్రశ్నే ఆమెకు వింతగా తోచింది.

“పైకెట్ల నొక్కుత మేడం? మనిషి పోయిండంటే మంచిగైందని నొక్కుతరా ఎవరన్న? మా అత్త గూడ పక్కనే కూసున్నది. చదివి వినిపిచ్చిన. అయ్యో కిందికి నొక్కు బిడ్డా అన్నది. మా ఊర్లకెల్లి జూసినోళ్లందరు గట్లనే నొక్కిండ్రు.”

వదిన నవ్వింది. పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత ఏడ్చింది. రెండూ కొంచెంసేపే.

నేను జుక్కల్ ఆయన మాట తెరిచి మళ్లీ చదివాను. కిందికే నొక్కిన అన్నా. ఈసారి అది మామూలు మాటలా ఉంది. చచ్చినాయన చూస్తాడన్నట్టు, పైకి నొక్కలేదు, అంత మర్యాద తెలియనివాణ్ని కాదు అని చెప్పుకున్నాడు.

మా వైపు చావింటికి వచ్చినవాళ్లు తిరిగి వెళ్లేటప్పుడు పోయొస్తమని అనరు. మళ్లీ వస్తామన్న మాట ఆ గడపలో పలకకూడదు. లేచి, చెప్పకుండా వెళ్లిపోతారు. మా ఇంటికి వచ్చినవాళ్లందరూ అలాగే వెళ్లారు. ఎవరూ చెప్పి వెళ్లలేదని నేను నొచ్చుకోలేదు, ఎందుకంటే ఆ వెళ్లడం ఏమిటో నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. అదే మనుషులు ఫోరంలోకి వచ్చి అదే పని చేస్తే నాకు అర్థం కాలేదు. వాళ్ల వెనక గడప లేదు, ముఖాలు లేవు. ఒక అంకె మాత్రమే ఉంది.

ఆ అమ్మాయి భర్త పనిలో ఉన్నాడు. తిండి వేళకు ఫోన్ చేస్తాడని చెప్పింది. వదిన ఆమెను పోనివ్వలేదు. ఇంటి నుంచి తెచ్చిన జొన్న రొట్టె, వంకాయ కూర ముగ్గురం పంచుకున్నాం. ఫోన్ వచ్చినప్పుడు మేం వినేలా స్పీకరు పెట్టింది.

“చెప్పు” అన్నాడు అవతల నుంచి.

“శుక్రారం పోకు.”

“ఫోరంల జూసినవా?”

“జూసిన. కింద మడిచి పెట్టిందే నిజం.”

“పరేషాన్ జెయ్యకు. గది మా రూమోడు గూడ చూపిచ్చిండు. గంతమంది కిందికి కొట్టిండ్రు. గంతమందికి తెల్వదా?”

“గంతమందిల నేనున్న.”

అవతల వెనక ఎక్కడో గిన్నెల చప్పుడు.

“నువ్వెందుకు కొట్టినవ్?”

“ఏడ్పొచ్చి కొట్టిన. ఆయన సచ్చిపోయిండని రాసిండ్రు.”

“ఏడ్పొస్తే కిందికి కొడ్తరా?”

“మల్ల ఏం జెయ్యాలె? అండ్ల రెండే ఉన్నయి.”

అతను నవ్వాడు. నమ్మాడో లేదో తెలియలేదు. మిగిలినవాళ్లు కూడా నీలాగే కొట్టారని ఏం నమ్మకం అన్నాడు. వదిన చేయి చాపి ఫోన్ తీసుకుంది.

“తమ్మీ, నేను గా అన్న భార్యను. రెండు దిక్కుల జూసిన అని రాసిండు గదా, రెండో దిక్కు నేను గూడ జూసిన. ఒకసారి మా ఆయన గిట్లనే క్యాంపు ఇడిచి పోయిండు. ఏడాది పొడుగున పత్తా లేదు. మా అత్త అడిగితే ఏడున్నడో చెప్పరాకపోయేది. ఉన్నడో లేడో గూడ తెల్వదు. నువ్వు ఆడ ఉంటే నీకు కష్టమైతది, నేను కాదంటలేను. కాని నీ పెండ్లాం నువ్వు ఏడున్నవో చెప్తది. గంతే. అండ్ల బాణాలు జూడకు, నా మాట జూడు.”

“సోచాయిస్త అక్కా” అన్నాడు అతను. ఆలోచిస్తానన్నాడు గానీ, అంతకు మించి చెప్పలేదు. తిండి వేళ అయిపోయింది.

ఆ వారం కామారెడ్డిలో పాఠం చెబుతూనే ఉన్నాను గానీ మనసు శుక్రవారం మీద ఉంది. అన్న ఎలాగూ తిరిగి రాడు. ఆయన మాట ఒకరికి పనికొస్తుందా, లేక జాలిపడిన చేతులే దాన్ని తొక్కేస్తాయా అన్నది మాత్రం ఇంకా తేలలేదు. శనివారం ఉదయం వదిన ఫోన్ చేసింది. అన్న నంబరుకు ఆ అమ్మాయి పంపిన కబురు చదివి వినిపించింది. పోలేదు, రూమోడు పోయిండు అని.

తర్వాత నేను ఆ ఫోరం నడిపేవాళ్లకు రాశాను. వాళ్లలో ఒకతను దోమకొండవాడు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చి కామారెడ్డిలో కంప్యూటర్ల పని చేస్తున్నాడు. స్టేషన్ దగ్గరి చాయ్ హోటల్లో కలిశాం. మర్యాదస్తుడు. జరిగిందంతా విన్నాడు. మడత పడిన సమాధానాలు మర్నాడే విప్పుతానన్నాడు. బాణాల సంగతికి వచ్చేసరికి ఒప్పుకోలేదు.

“నొక్కుడు సులువుండాలె మేడం. ఎందుకు నొక్కుతున్నవని అడిగితే ఎవరు నొక్కరు.”

“నొక్కకపోతే ఏమైతది?”

“ఎవరు మంచోడో మాకు తెల్వదు.”

“ఇప్పుడు తెలుస్తున్నదా?”

అతను చాయ తాగాడు. ఆ తర్వాత అన్నది నేను ఇప్పటికీ ఆలోచిస్తున్నాను. “మీరు బడిల మార్కులు ఏస్తరు గదా. పిల్లగానికి డెబ్బై అంటే అర్థమేంది?”

ఆ పరీక్షలో, ఆ ప్రశ్నలకు, వాడు రాసినదానికి డెబ్బై అని చెప్పాను. వాడికి కాదు, వాడు రాసినదానికి.

“వాళ్ల అమ్మనాయినలు గట్లనే అనుకుంటరా?”

అనుకోరు. పేపరు మీద వేసిన అంకె ఇంటికి పోయేసరికి పిల్లవాడి మీద పడుతుంది. ప్రతి ఏడూ చూస్తాను. దానికి నా దగ్గర మందు లేదు. కానీ పరీక్షలో కనీసం ప్రశ్న ఏమిటో రాసి ఉంటుంది, ఎన్నింటికి ఎన్నో రాసి ఉంటుంది. ఫోరంలో అదీ లేదు. ఒకే కింది బాణం ఒకడికి ఇది తప్పు అని, ఒకడికి ఇది వినడం కష్టంగా ఉంది అని, పోచారం వైపు ఒక అత్తకు అయ్యో అని. అన్నీ కలిపి ఒక్క అంకె చేసి, ఇతన్ని చాలామంది ఒప్పుకోలేదు అని కింద వాక్యం రాయడం యంత్రం చేసిన పని. ఆ వాక్యం వాళ్లెవరూ అనలేదు.

ఇదంతా అతనికి చెప్పాను. అర్థం రాసి పెడితే అబద్ధాలు ఆగుతాయని నేను అనుకోవడం లేదని కూడా చెప్పాను. గిట్టనివాడు తప్పు అన్నచోటే నొక్కుతాడు. అయితే నిజంగా బాధపడినవాళ్లు తమకు తెలియకుండా అతనితో కలిసిపోకుండా ఉంటారు. అంతవరకే నేను అడుగుతున్నది.

అతను మిగతావాళ్లతో మాట్లాడతానన్నాడు. ఫోరంలో కొన్నాళ్లు దీని మీద వాదన జరిగింది. పాత సభ్యులు కొందరు కోప్పడ్డారు. ఇన్నేళ్లుగా అందరికీ అర్థమవుతున్నదాన్ని ఇప్పుడు విడమరచడం ఎందుకు, మనుషులను చిన్నపిల్లలనుకుంటున్నారా అని ఒకాయన రాశాడు. దాని కిందే ఒకావిడ, నేను కింది బాణం అంటే చదివేశానని గుర్తు అనుకున్నాను, నన్ను కూడా లెక్కలో వేసుకోండి అని రాసింది. ఆ తర్వాత వాదన పలచబడింది.

చివరికి కొంత మార్చారు, కొంత మార్చలేదు. పై బాణం అలాగే ఉంది, దాని అర్థం ఇప్పటికీ ఎవరికి వాళ్లదే. కింది బాణం నొక్కితే సమాచారం తప్పా, నీకు జరిగింది వేరా, నచ్చలేదా అని అడుగుతుంది. తప్పు అంటే ఏది తప్పో ఒక వాక్యం రాయాలి, అప్పుడే అంకె తగ్గుతుంది. నొక్కేవాళ్లు తగ్గారని దోమకొండ అతను చెప్పాడు. ఆ మాటలో ఫిర్యాదు ఉంది. నేను తప్పుపట్టను. చావు కబుర్ల కింద బాణాలు తీసేశారు, రాయడానికి చోటు మాత్రం ఉంచారు.

అన్న పేరు పక్కన పోయిన ఆకుపచ్చ గుర్తు, పాత అంకె తిరిగి పెట్టాలా అని అతను వదినకు ఫోన్ చేసి అడిగాడు. నేను పక్కనే ఉన్నాను. పెట్టమంటుందనుకున్నాను. ఆ అంకె తగ్గినన్నాళ్లూ ఆమె మాట్లాడలేదు గానీ, చూస్తూనే ఉందని నాకు తెలుసు.

“అంకె ఎందుకు తమ్మీ?” అంది. “ఇగ ఆయన రాసేదున్నదా, పెరిగేదున్నదా? ఎక్కువ పెట్టినా ఆయనది గాదు, తక్కువ పెట్టినా గాదు. రాసింది ఉండని. అంకె తీసెయ్.”

ఒక్కరికే తీయడం కుదరదని అతను అన్నాడు. తీస్తే పోయినవాళ్లందరికీ తీయాలట. “అయితే అందరికి తియ్” అంది వదిన, దుకాణంలో మేకులు తూచి ఇచ్చేటప్పటి గొంతుతో.

జరిగినవాటిలో ఎన్ని బాణాలు ఏడుపువో, ఎన్ని కోపానివో నాకు ఇప్పటికీ తెలియదు. ఏజెంట్లు ఎవరూ నొక్కలేదని నేను చెప్పలేను. కొన్నాళ్లు అన్నీ ద్వేషమే అనుకున్నాను, తర్వాత కొన్నాళ్లు అన్నీ దుఃఖమే అనుకోవాలనిపించింది. రెండూ నా అవసరం కొద్దీ అనుకున్నవి. ఆ అంకెలో అవి విడివిడిగా లేవు, ఇప్పుడు విడదీయలేం.

వానలు పడ్డాక ఆ అమ్మాయి భర్త ఇంటికి వచ్చాడు. ఇద్దరూ కలిసి దుకాణానికి వచ్చారు, నేను ఉన్న రోజే. మనిషి బాగా చిక్కిపోయాడు. ఫిర్యాదు నంబరు పట్టుకుని నెలల తరబడి తిరిగాడట, రోజూ హాజరు వేశాడట. గదిలో ఉండే అతని సంగతి అడిగితే, ఫోన్ కలవడం లేదన్నాడు. అతని ఇంటివాళ్లు వీళ్లను అడుగుతున్నారు. చెప్పడానికి వీళ్ల దగ్గర ఏమీ లేదు. వదిన ఆ ఇంటివాళ్ల ఊరు అడిగి తెలుసుకుంది.

“మంచిగున్నదా పానం?” అని అడిగింది తర్వాత.

“అన్న రాసినట్టే కష్టమైంది అక్కా” అన్నాడు.

వాళ్లు వెళ్లాక నేను ఫోన్‌లో ఆ సమాధానం తెరిచాను. మడత లేదు. పైనుంచి రెండోది. అన్న పేరు ఉంది, పక్కన ఖాళీ ఉంది. ఆ ఫోరంలో ఇప్పుడు చనిపోయినవాళ్ల పేరు పక్కన అంకె వేయడం లేదు.